బాక్టీరియాకు అల్మరా

గురువారం ఉదయం వెండెల్ స్కోగన్ పెట్టుకున్న పని ఒక్కటే. ఎనిమిదింటికల్లా దుకాణం తెరిచి, పాడి రైతు ఒకాయనకు వంటింటి అల్మరాలు చూపించాలి. మిన్నెసోటాలోని మా చిన్న ఊళ్ళో అల్మరాలు చేసి అమ్మేది అతనొక్కడే. అందుకని ఏ వస్తువునైనా అందులో ఎన్ని అరలున్నాయో చూసి గౌరవించడం అతనికి అలవాటు.

కాఫీ సగంలో ఉండగా కూతురు బ్రిటా వచ్చి కూర్చుంది.

"నాన్నా, రేపు నన్ను కొంచెం ముందు దింపాలి. సైన్సు ప్రదర్శన ఉంది. తినే వస్తువులతో కణం బొమ్మ చేసి పట్టుకెళ్ళాలి."

"ఏ కణం?"

"బాక్టీరియా. చీటీలో నాకదే వచ్చింది. కేంద్రకపూర్వ కణం. లోపల కేంద్రకం ఉండదు, మైటోకాండ్రియా ఉండవు. గదులే ఉండవు. డీఎన్ఏ మధ్యలో అలా విడిగా పడుంటుంది, అంతే."

వెండెల్ కప్పు కింద పెట్టాడు. "మరి ఎదురింటి డారెల్ కొడుక్కి?"

"జంతుకణం. నిజకేంద్రకం. వాడికి అన్నీ ఉంటాయి."

"అన్నీ ఉంటాయా!" అన్నాడు వెండెల్. డారెల్ హ్యూబర్ పచ్చిక, డారెల్ పడవ, డారెల్ క్రిస్మస్ దీపాలు ఇన్నేళ్ళూ ఓర్చుకున్నాడు. ఇప్పుడు డారెల్ కొడుక్కి కేంద్రకం కూడానా? "అరలు లేనిది అదేం బతుకు తల్లీ? నువ్వు బడికెళ్ళు. సంగతి నేను చూస్తాను."

"వద్దు నాన్నా! పెద్దవాళ్ళు చెయ్యి పెడితే సున్నా అని కాగితం మీదే రాశారు. ఇందులో సి గ్రేడు రాకపోతే రేపు సాయంత్రం నన్ను ఆడనివ్వరు."

ఆ సాయంత్రం జరిగేది మామూలు ఆట కాదు. గెలిచిన సాఫ్ట్‌బాల్ జట్టు రాష్ట్ర పోటీలకు వెళుతుంది. బ్రిటా జట్టులో బంతి విసిరే పిల్ల. మార్చి నెల చలిలో చేతులు పగిలేలా సాధన చేసింది.

"చెయ్యి పెడతానని ఎవరన్నారు? సలహా ఇస్తాను," అన్నాడు వెండెల్.

భూమి మీద దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ళు దేవుడు ఈ ఒంటిగది ప్రాణులతోనే లోకాన్ని నడిపించాడట. ఆయనకు చాలినది వెండెల్‌కు ఎందుకు చాలలేదో, చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి గనక, అతన్నే అడగాలి.

బ్రిటా సాయంత్రం సాధనకు వెళ్ళే ముందు తన పని తాను చేసుకుంది. సగ్గుబియ్యం ఉడికించి రైబోజోములు చేసింది. ఎర్రటి తాడు మిఠాయి కొసలు రెండూ కలిపి ముడివేసి డీఎన్ఏ చేసింది. ఇంకో తాడు తోకకని పక్కన పెట్టింది. మరమరాలు, కరిగించిన మార్ష్‌మాలో మిఠాయి కలిపి గాజు పళ్ళెం చుట్టూ కణకవచం కట్టింది. పళ్ళెంలో సగ్గుబియ్యం కలిపిన నిమ్మ జెల్లీ పోసి, అది గట్టిపడ్డాక పొద్దున్నే మిగతావి తనే అమర్చుకుంటానని తల్లి ఆర్డిస్‌కు చెప్పి వెళ్ళింది.

బ్రిటాను తీసుకెళ్ళే కారు మలుపు తిరగగానే సలహా చేతుల్లోకి దిగింది. వెండెల్ కోరిందకాయ జెల్లీతో పిడికెడంత గుండ్రని కేంద్రకం పోశాడు. కూతురి తాడును అందులోకి కుక్కాడు. మైటోకాండ్రియా కోసం దుకాణానికి పోయి తాజా అనాసపండు తెచ్చి, తొమ్మిది ముక్కలు కోశాడు.

ఆర్డిస్ చూసింది. "వెండెల్, జెల్లీలో పచ్చి అనాస వెయ్యకూడదు. డబ్బాలోది వెయ్యి."

"డారెల్ కొడుకు డబ్బాలోది వేస్తాడు. మనం వెయ్యం."

"అది కాదు నేను చెప్పేది..."

"నువ్వు వంట సంగతి చెబుతున్నావు. ఇది సైన్సు."

మా ఊళ్ళో చర్చి విందుకు జెల్లీ పట్టుకెళ్ళని ఇల్లాలు లేదు. పచ్చి అనాస రసం జెల్లీని అరిగించి నీళ్ళు చేస్తుందని, డబ్బాలోది ముందే ఉడికింది గనక ఏ హానీ చెయ్యదని ఎనిమిదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఆ జెల్లీ తింటున్న వెండెల్‌కు మాత్రం, అది ఎలా గట్టిపడుతుందని అడగాలని ఏనాడూ తోచలేదు.

శుక్రవారం ఉదయం ఫ్రిజ్ తెరిస్తే పళ్ళెంలో నారింజ రంగు పులుసు ఉంది. కేంద్రకం కనిపించలేదు.

"ఇదేంటి నాన్నా? ఏం చేశావు?" బ్రిటా పళ్ళెం బయటికి లాగింది.

"ఏం కాలేదు, సర్దేస్తాను." వెండెల్ చిల్లుల గరిటెతో తొమ్మిది మైటోకాండ్రియాలనూ తోడి చెత్తబుట్టలో పడేశాడు. ఇంకో రెండు పొట్లాల జెల్లీ పొడి కలిపాడు. అనాస రసం దాన్నీ తినేసింది. టైము మించిపోవడంతో బ్రిటా తండ్రి ట్రక్కు ఎక్కి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. దారిలో ప్రతి గుంటకూ కొంత జీవపదార్థం ఆమె జీన్సు మీదికి ఒలికింది. బడి ముందు ఆపాక, కనీసం తోకైనా మిగలనీ అనుకుని, తన రెండో తాడును కవచానికి తోకలా గుచ్చింది.

బల్లల దగ్గర తల్లిదండ్రులు మూగి ఉన్నారు. డారెల్ కొడుకు జంతుకణం మూడంతస్తుల కేకు. దాని కింద బేకరీ అట్ట ఇంకా అలాగే ఉంది.

జీవశాస్త్రం చెప్పే మిస్ ఓయెన్ బ్రిటా పళ్ళెం ముందు ఆగింది. వంగి చూసింది. మళ్ళీ చూసింది.

"చాలా బాగుంది! కేంద్రకం లేదు. ఒక్క మైటోకాండ్రియా లేదు. డీఎన్ఏ జీవపదార్థంలోనే తేలుతోంది, పైగా వలయంగా ఉంది. ఇన్నేళ్ళలో బాక్టీరియాను ఇంత సరిగ్గా చేసినవాళ్ళు లేరు."

బ్రిటా ఊపిరి పీల్చుకుంది. వెండెల్ నోరు మూసుకుని ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది.

డారెల్ పళ్ళెంలోకి తొంగిచూసి నవ్వాడు. "ఏం వెండెల్, ఖాళీ అల్మరా పట్టుకొచ్చావేంటి?"

"ఖాళీయా?" వెండెల్ చెవులు ఎర్రబడ్డాయి. "నా చేత్తో కేంద్రకం పోశానయ్యా! తొమ్మిది మైటోకాండ్రియాలు పెట్టాను, తాజావి!"

అందరూ అతని వైపు తిరిగారు.

"మీ చేత్తోనా, మిస్టర్ స్కోగన్?" అంది మిస్ ఓయెన్.

"సలహా..." అన్నాడు వెండెల్.

బ్రిటా తండ్రి వైపు ఒక చూపు చూసింది. అలాంటి చూపు చూసిన తరువాతే ఆమె విసిరిన బంతికి ఎవరైనా అవుటవుతారు.

"ఇందులో నీది ఏది?" అని అడిగింది టీచరు.

"తాడు, తోక, సగ్గుబియ్యం, గోడ. మిగతావి మా నాన్నవి. అవి కరిగిపోయాయి."

"తాడుకు ముడి ఎందుకు?"

"దీని డీఎన్ఏకు కొసలుండవు."

"మరి గదులు లేకుండా ఎలా బతుకుతుంది?"

"పని ఆగదు మేడమ్. రైబోజోములు ప్రోటీన్లు అక్కడికక్కడే చేసేస్తాయి. శక్తి కణత్వచం దగ్గరే తయారవుతుంది. అన్నీ కుదిరితే ఇరవై నిమిషాల్లో ఒకటి రెండవుతుంది. మా నాన్న ఒక్క అల్మరాకి ఆరు వారాలు తీసుకుంటాడు."

"నీది నిలిచింది, ఆయనది పోయింది. నిలిచినదానికి బి గ్రేడు ఇస్తాను." మిస్ ఓయెన్ కాగితం మీద రాసుకుని పక్క బల్లకు వెళ్ళింది. "ఇప్పుడు నువ్వు చెప్పు బాబూ. ఈ కేకులో గాల్జీ సంక్లిష్టం ఏది?"

డారెల్ కొడుకు తండ్రి వైపు చూశాడు. డారెల్ బేకరీ అట్ట వైపు చూశాడు.

ఆ సాయంత్రం బ్రిటా జట్టు రెండు పరుగుల తేడాతో గెలిచింది. మైదానం పక్క మెట్ల మీద కూర్చున్న వెండెల్ వెనక వరసవాళ్ళతో అంటున్నాడు, "కణమంటే బాక్టీరియాదేనండీ. అనవసరమైన గది ఒక్కటి ఉండదు. నేను మొదటినుంచీ అదే చెబుతున్నాను."

పక్కనే ఉన్న ఆర్డిస్, దేవుడు తనకిచ్చిన ఓర్పు ఇంకా ఎన్నాళ్ళకు సరిపోతుందో ఆయన్నే అడిగి, చప్పట్లు కొట్టడానికి లేచింది.