చేప వాడకానికి మాత్రమే

ఫ్యాక్టరీ నీళ్ళు కలిసిన ఎర్రవాగులో ఇక బతకలేమని చేపలు కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చుకున్న నెలకు, బెస్త పెంటయ్య ఇంట్లో ఒక కొర్రమట్టకు వసతి కేటాయించారు. అప్పటికి ప్రాణంతో మిగిలిన తక్కిన చేపలకూ ఊళ్ళోనే ఇళ్ళు దొరికాయి. కొర్రమట్టతో పాటు ఒక నీలం డ్రమ్ము, ఆర్డరు కాపీ వచ్చాయి. రోజూ పొద్దున ట్యాంకరు వచ్చి డ్రమ్ము నింపుతుంది. ఆ మంచినీళ్ళు చేప వాడకానికి మాత్రమే. ఇంటివాళ్ళు ఎప్పటిలాగే వాగు ఒడ్డు బోరు నీళ్ళు తాగవచ్చునని ఆర్డరు చివర్లో రాసి ఉంది.

పెంటయ్యకు మొదట్లో ఏమీ అనిపించలేదు. నలభై ఏళ్ళు చేపలు పట్టినవాడు, ఒక చేపకు చోటివ్వలేడా? ఐదో రోజున భార్య బుచ్చవ్వ డ్రమ్ము మీదికి వంగి, "తిన్నవా బిడ్డా?" అని అడగడం చెవిన పడింది. ఆ మాట తనను చివరిసారి ఎప్పుడడిగిందో గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు.

వారం వారం పశువుల డాక్టరు వచ్చేవాడు. కొర్రమట్ట ఒళ్ళంతా తడిమి, నోరు తెరిపించి చూసి, 'కొంచెం నీరసం' అని రాసుకునేవాడు. పెంటయ్య పక్కనే నిలబడి, మోచేతుల దాకా పుండ్లు పడిన చర్మాన్ని కావాలనే గోక్కునేవాడు. ఒక్కసారి మాత్రం డాక్టరు తలెత్తి చూశాడు.

"జర దూరంగ గోక్కో. డ్రమ్ముల పడ్తది."

ఆ మధ్యాహ్నం బుచ్చవ్వ ఇంట్లో లేనప్పుడు పెంటయ్య డ్రమ్ములో చెంబు ముంచాడు.

"పెంటయ్యా, అవి నా నీళ్ళు," అంది కొర్రమట్ట, మర్యాదగానే.

"ఒక్క చెంబే. మంచినీళ్ళు ఎట్లుంటయో మర్సిపోయిన."

"నీ బాధ నాకెర్కనే. మావోళ్ళందరు నీ వలల పడ్డోళ్ళే, నేనేమన్న అన్ననా? గని రూలంటే రూలే."

పెంటయ్య చెంబు తిరిగి ఒంపేశాడు.

మర్నాడు తహశీల్దారు ఆఫీసుకు వెళ్ళి, తననూ చేపల జాబితాలో చేర్చమని అర్జీ పెట్టాడు. గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివాడు. నవ్వలేదు.

"నిన్ను వాగుల ఏస్తే ఎంతసేపట్ల చస్తవ్?"

"ముప్పై ఏండ్ల సంది అవే నీళ్ళు తాగుతున్న సారూ. చస్తనే ఉన్న."

"గదే లొల్లి. చేపైతే పది నిమిషాలల్ల తేలుతది, మేం టైము రాసుకుంటం. నీ లెక్క మెల్లమెల్లగ సచ్చెటోళ్ళకు ఫారంల జాగ లేదు."

నెల తిరక్కుండానే ఇంకో ఆర్డరు వచ్చింది. ఆరోగ్యం దృష్ట్యా కొర్రమట్టను గుట్టల అవతలి జలాశయానికి బదిలీ చేశారు. తోడుగా ఒక మనిషిని తీసుకుపోయే వీలుంది. కొర్రమట్ట బుచ్చవ్వ పేరు చెప్పింది.

బుచ్చవ్వ రెండు చీరలు మూట కట్టుకుంది.

"నువ్వు గూడ పోతవానే?"

"పోత. ఆడ నాగ్గూడ రోజు రెండు బిందెలిస్తరంట." గడప దగ్గర ఆగింది. "కోపమొచ్చిందా?"

"రాలే," అన్నాడు పెంటయ్య. డ్రమ్ముకు తానే ఒక చెయ్యి వేసి వ్యానెక్కించాడు. ఇన్నాళ్ళూ చేప మీద ఉన్న కుళ్ళు, వ్యాను మలుపు తిరిగేలోపే భార్య మీదికి మళ్ళింది.

మూడో రోజున తహశీల్దారు సిబ్బందితో వాగు దగ్గరికి వచ్చాడు. ఫ్యాక్టరీ రెండో పైపు వేసుకోవాలంటే వాగులో ప్రాణులు లేవని పంచనామా కావాలి. సీసాలో నీళ్ళు పట్టడానికి సిబ్బంది ఎవరూ దిగలేదు. పెంటయ్య దిగాడు. సీసా నింపి అందించాడు. సాక్షి కావాలన్నారు. ఒడ్డు నుంచి కాగితం, పెన్ను అతని చేతికిచ్చారు.

'ఈ నీటిలో బతికి ఉన్న ప్రాణి ఏదీ లేదు' అన్న వాక్యం కింద, మోకాళ్ళ లోతు వాగులో నిలబడే, పెంటయ్య సంతకం పెట్టాడు.