గ్యారేజ్‌లో బాడీ

ఆ శనివారం పొద్దున దుర్గేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య ఆశాజ్యోతి హాస్పిటల్ డ్యూటీకి వెళ్ళగానే మామగారిని హామిల్టన్ గార్డెన్స్ పార్కులో దింపి రావాలి. ఆ తరువాత గ్యారేజ్ తలుపు వేసుకుని, పాత దుప్పట్ల కింద దాచిన పెట్టె తెరిచి, సాయంత్రానికల్లా ఒక ఎలక్ట్రిక్ గిటార్ తయారుచేయాలి. మర్నాడు ఆశాజ్యోతి పుట్టినరోజు.

గిటార్ కొనవచ్చు. కానీ కొన్నదానికీ చేసినదానికీ తేడా ఉంటుందని దుర్గేష్ నమ్మకం. పాల డెయిరీలకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో అతని పని ఇతరులు చేసినదాంట్లో తప్పులు వెతకడం. తన చేత్తో ఒక వస్తువు చేసి చాలా ఏళ్ళయింది. పెట్టెలో వచ్చిన గిటార్ కిట్‌లో చెక్క శరీరం ఒకటి, పొడుగాటి మెడ ఒకటి, తీగలు, మరలు, వైర్లు అన్నీ ఉన్నాయి. చెక్కను నున్నగా రుద్ది, వార్నిష్ పూసి, మెడ బిగించి, వైర్లకు టంకం పెడితే అయిపోతుంది. వార్నిష్ ఆరడానికి రోజులు పడుతుందని ఇన్‌స్ట్రక్షన్లలో రాసి ఉంది. ఇన్‌స్ట్రక్షన్లు రాసేవాళ్ళు ఎప్పుడూ ఎక్కువ చేసి రాస్తారని అతని అనుభవం.

మామగారు లక్ష్మణరావుగారి గొడవ వేరు. అమలాపురంలో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. విదేశంలో ఉన్న కూతురి దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చి, సగం కూడా కాకుండానే టికెట్ ముందుకు జరపమని పట్టుబట్టారు.

"ఊరు బాగానే ఉంది అల్లుడుగారూ. మనుషులే లేరు. అందరూ కార్లలో ఉంటారు. కారుకి నమస్కారం పెడితే ఏం బాగుంటుంది?"

ఆ మాటకు కూతురు రెండు రోజులు కళ్ళు తుడుచుకుంది. ఆయన మాత్రం సూట్‌కేసు మంచం కింద నుంచి తీసి పైన పెట్టుకున్నారు.

మామగారిని గార్డెన్స్ గేటు దగ్గర ఫ్లాస్కుతో సహా దింపి, దుర్గేష్ హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాడు. ఉప్పు కాగితం వెతుకుతూ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పామర్‌స్టన్ నార్త్‌లో ఉన్న స్నేహితుడు వంశీకృష్ణకు ఫోన్ చేశాడు. వంశీ గతంలో ఇలాంటి గిటార్ ఒకటి చేశాడు. అది మోగలేదుగానీ, చేయడం మాత్రం చేశాడు.

షాపులో ఆ అరల వరసకు అవతలివైపు పూలకుండీలు ఉన్నాయి. అక్కడ తెలుగు సంఘం కార్యదర్శి కుసుమగారు ఒక కుండీ పట్టుకుని నిలబడి ఉన్నారు. తెలుగు వినబడగానే పలకరిద్దామని రెండడుగులు వేసి ఆగిపోయారు.

"బాడీ గ్యారేజ్‌లోనే ఉందిరా. చలికాలం కదా, ఏం కాదు," అంటున్నాడు దుర్గేష్.

కుసుమగారు కుండీని గుండెలకు హత్తుకున్నారు.

"లేదు, జ్యోతికి తెలీదు. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయింది. తను వచ్చేలోపు కానిచ్చేస్తా... తెలుసురా, రెండు మూడు రోజులు ఉంచమంటారు. అంత టైమ్ ఎక్కడిది? ఇవాళ్టితో అయిపోవాలి... మామయ్యగారా? ఇంకేం మామయ్యగారు, వెళ్ళిపోయినట్టే. ఎంత బతిమాలినా ఉండలేదు మనిషి."

కుసుమగారు చాడీలు చెప్పే మనిషి కాదు. ఒకరికి కష్టం వచ్చిందంటే నిమిషం ఆగలేని మనిషి, అంతే. తండ్రి పోయినట్టు కూతురికి తెలియదు, అల్లుడు ఒంటరిగా ఉప్పు కాగితాల మధ్య నిలబడి అన్నీ చూసుకుంటున్నాడు. ఆ సమయంలో ఎదురుపడి ఏమని పలకరిస్తారు? కుండీ అక్కడే వదిలేసి, కారులో కూర్చుని, కళ్ళు తుడుచుకుని సంఘం వాట్సాప్ గ్రూపులో రాశారు: "ఆశాజ్యోతి నాన్నగారు లక్ష్మణరావుగారు కాలం చేశారని తెలియజేయడానికి చింతిస్తున్నాను. ఆశాజ్యోతికి ఇంకా తెలియదు. దయచేసి ఎవరూ ఫోన్ చేయకండి. దుర్గేష్ ఒక్కడే ఉన్నాడు. మనమంతా అండగా నిలవాలి."

ఫోన్ చేయొద్దన్నారు కనుక ఎవరూ చేయలేదు. అందరూ బయలుదేరారు. గుడ్ మార్నింగులు పడలేక దుర్గేష్ ఆ గ్రూపు నోరు ఎప్పుడో నొక్కేశాడు.

మొదట వచ్చినవారు రాఘవయ్యగారు, ఆయన భార్య గిరిజగారు. సంఘంలో అందరికంటే పెద్దవాళ్ళు. గిరిజగారి చేతిలో ఇడ్లీల డబ్బా ఉంది. తలుపు తీసిన దుర్గేష్ ఒళ్ళంతా తెల్లటి పొడి, మెడలో మాస్కు. వీళ్ళను చూడగానే, వంశీగాడు నోరు జారాడని అతనికి అర్థమైపోయింది.

"మీకూ తెలిసిపోయిందా అండీ?" అన్నాడు సిగ్గుపడుతూ.

రాఘవయ్యగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "ఇలాంటివి దాగుతాయా బాబూ? ఒక్కడివే చేసుకుంటున్నావా?"

"అవునండీ. పొద్దున్నుంచీ రుద్దుతూనే ఉన్నా."

"అయ్యో! మమ్మల్ని పిలవకూడదూ? ఆ స్నానం అదీ నలుగురు కలిసి చేయించాలయ్యా."

స్నానం మాట దుర్గేష్‌కు అర్థం కాలేదు. తన ఒంటి మీద పొడి చూసి అన్నారనుకున్నాడు. "స్నానం తరవాత చేస్తానండీ. ముందు ఇంకో కోటు వెయ్యాలి. ఒకటి వేశాను."

"ఇప్పుడు కోటెందుకయ్యా? పంచె చాలదూ?"

"పంచె కప్పితే అంటుకుపోతుందండీ."

రాఘవయ్యగారు భార్య వైపు చూశారు. ఆవిడ, "ఒక్కసారి చూడనిస్తావా నాయనా?" అన్నారు.

"ఇప్పుడు చూస్తే ఏం బాగుంటుందండీ? నెక్ ఇంకా తగిలించలేదు. వేరే పెట్టెలో పెట్టా. సాయంత్రం నాలుగు మరలు బిగిస్తే అప్పుడు చూద్దురుగాని."

గిరిజగారు మెట్టు మీద కూర్చుండిపోయారు.

"జ్యోతికి మాత్రం చెప్పకండేం," అన్నాడు దుర్గేష్ గొంతు తగ్గించి. "రేపు పొద్దున్నే నేనే చూపిస్తా. పుట్టినరోజు కదా, అదిరిపోవాలి."

ఆ తరువాత అతను "లోపల కూర్చోండి, కోటు వేసి వస్తా" అని గ్యారేజ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. రెండో కోటు వేసి, తడి వార్నిష్ మీద దుమ్ము పడకుండా బల్లకు రెండువైపులా కుర్చీలు పెట్టి, వాటి మీదుగా తెల్ల దుప్పటి పందిరిలా కప్పాడు. చెవులకు రక్షణగా పెద్ద మఫ్‌లు పెట్టుకుని రుద్దే మిషన్ ఆన్ చేశాడు. రుద్దాల్సింది మెడ. ఆ మిషన్ చప్పుడు హాల్లోకి వినబడింది.

అప్పటికి హాలు నిండింది. కుసుమగారు గుమ్మంలో అడుగు పెట్టేసరికి రాఘవయ్యగారు ఆమెను పక్కకు తీసుకెళ్ళి, విన్నదంతా గుసగుసగా చెప్పారు. ఆ మాటలకు తోడు మిషన్ చప్పుడు. కుసుమగారు పోలీసులకు ఫోన్ చేశారు.

ఈలోగా గార్డెన్స్‌లో చినుకులు మొదలవడంతో లక్ష్మణరావుగారు బస్సెక్కి ఇంటికి వచ్చేశారు. గుమ్మం ముందు చెప్పుల గుట్ట. ఈ ఊరొచ్చాక ఒకచోట అన్ని చెప్పులు ఆయన చూడలేదు. అల్లుడు ఏదో వ్రతం పెట్టుకున్నాడేమో అనుకుంటూ తన బూట్లు కూడా ఒక పక్కన విప్పి లోపలికి వెళ్ళారు. ఆయన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. ఉగాది భోజనాల్లో ఒక మూల కూర్చుని వెళ్ళిన మనిషిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అదీగాక ఆయన నెత్తి మీద ఇప్పుడు ఉన్ని టోపీ ఉంది. ఒకావిడ ఆయన చేతిలో ఇడ్లీల ప్లేటు పెట్టింది. ఒక కుర్రవాడు లేచి కుర్చీ ఇచ్చాడు. వాడి పేరు సాయి తేజ. చదువుకోడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో చేరి, నలుగురితో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాడు.

"ఎవరు పోయారు బాబూ?" అని అడిగారాయన మెల్లగా.

"ఆశాజ్యోతిగారి ఫాదర్ అంట అంకుల్. లక్ష్మణరావుగారు."

లక్ష్మణరావుగారు నోటి దాకా వచ్చిన ఇడ్లీ ముక్కను మళ్ళీ ప్లేటులో పెట్టారు. "ఎప్పుడట?"

"నిన్న నైట్ అనుకుంటా. చాలా గొప్ప మనిషంట. స్టూడెంట్స్‌ని ఒక్క దెబ్బ కూడా కొట్టేవారు కాదంట."

"బాగానే కొట్టేవాడే!"

"మీకు తెలుసా అంకుల్ ఆయన?"

"కొద్దిగా."

ఎదురుగా ఉన్న సీతారత్నంగారు, చూపు ఆనని పెద్దావిడ, ఒడిలో చామంతిపూల సంచి పెట్టుకుని కళ్ళు ఒత్తుకుంటున్నారు. "ఎంత నెమ్మదైన మనిషో. ఉగాదికి నాకు మంచినీళ్ళు అందించాడు. మళ్ళీ ఒకసారి పిలిచి భోజనం పెడదామనుకుంటూనే ఉన్నాను. పెట్టలేకపోయాను."

ఆయన ఆ నీళ్ళ సంగతి మరిచిపోయారు. నిజం చెప్పడానికి నోరు తెరిచారు. కానీ ఇంతమంది తన కోసం పని మానుకుని వచ్చి కూర్చున్న గదిలో, తాను బతికే ఉన్నానని చెప్పడం మర్యాదగా ఉండదనిపించింది. ఇంకో ఇడ్లీ వేయించుకున్నారు.

అప్పుడే పోలీసు కారు వచ్చి ఆగింది. దిగిన కానిస్టేబుల్ ఆరడుగుల మనిషి, ఈ దేశపు మూలవాసి మావోరీ. చెప్పుల గుట్ట చూసి, తన బూట్లు కూడా విప్పి, మేజోళ్ళతో లోపలికి వచ్చి అందరికీ తల వంచి సంతాపం చెప్పాడు. రాఘవయ్యగారు దారి చూపించారు. కానిస్టేబుల్ గ్యారేజ్ తలుపు తెరిచాడు. వెనకాల సంఘం మొత్తం నిలబడింది.

దుర్గేష్ మఫ్‌లు తీసి, చేతిలో గిటార్ మెడతో వెనక్కి తిరిగాడు. కానిస్టేబుల్ నేరుగా వెళ్ళి తెల్ల దుప్పటి కొస పట్టుకుని మెల్లగా ఎత్తాడు. గిరిజగారు కళ్ళు మూసుకున్నారు.

దుప్పటి కింద, తేనెరంగు వార్నిష్‌తో తళతళలాడుతూ, గిటార్ శరీరం ఉంది.

కానిస్టేబుల్ వంగి చూశాడు. చెక్క గీతలు బాగున్నాయని, ఇది ఏ చెట్టు చెక్క అని అడిగాడు. అంతలో సీతారత్నంగారు జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చి, "నారాయణ నారాయణ" అంటూ రెండు గుప్పిళ్ళ చామంతి రేకులు తడి వార్నిష్ మీద చల్లేశారు.

"అమ్మమ్మగారూ!" అని అరిచాడు దుర్గేష్. "నా గిటార్!"

"గిటారా?" అన్నారు కుసుమగారు. "మరి బాడీ ఏదయ్యా?"

"అదేనండీ బాడీ!"

"మరి లక్ష్మణరావుగారు?"

"ఇక్కడే ఉన్నానమ్మా," అన్నారు వెనకనుంచి ఒకాయన, ప్లేటుతో సహా చెయ్యెత్తి. "కొంచెం చట్నీ ఉంటే ఇలా పంపండి."

ఆ తరువాత అక్కడ ఎవరు ఏడ్చారో, ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. సాయి తేజ మాత్రం ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టేశాడు. కానిస్టేబుల్‌కు విషయం వివరించడానికి ముగ్గురు కావాల్సి వచ్చింది. అర్థమయ్యాక అతను గోడకు చేరబడి చాలాసేపు నవ్వి, ఇడ్లీలు తిని, బూట్లు వెతుక్కుని వెళ్ళిపోయాడు.

అతని కారు మలుపు తిరగకముందే ఆశాజ్యోతి కారు వచ్చింది. వార్డులో తోటి నర్సుకు ఎవరో ఆ మెసేజ్ పంపారు. యూనిఫాంలోనే లోపలికి పరుగెత్తి వచ్చి, గది మధ్యలో కుర్చీలో దర్జాగా కూర్చున్న తండ్రిని చూసి నిలువునా ఆగిపోయింది.

"రా తల్లీ," అన్నారాయన. "నా గురించే మాట్లాడుకుంటున్నాం."

ఆమె ఆయన మెడ చుట్టూ చేతులు వేసి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన టోపీ కింద పడిపోయింది. ఆయన దాన్ని తీసుకోకుండా కూతురి వీపు నిమిరారు. ఏడుపు తగ్గాక ఆమె మొగుడి వైపు తిరిగింది.

"ఏంటండీ ఇదంతా?"

"నీ పుట్టినరోజుకి జ్యోతీ," అన్నాడు దుర్గేష్ నీరసంగా, తెరిచి ఉన్న గ్యారేజ్ తలుపులోంచి రేకులు అంటుకున్న చెక్కను చూపిస్తూ. "పెళ్ళైన కొత్తలో అన్నావు కదా, గిటార్ నేర్చుకోవాలని ఎప్పట్నించో కోరికని."

ఆశాజ్యోతి అతని వైపు చూసింది. చెక్క వైపు చూసింది. "గిటారా? నేనన్నది సితార్ అండీ!"

అందరికంటే ముందు కుసుమగారి ముఖం తేటపడింది. తప్పు విన్న చెవులు ఒక్క తనవే కాదని తెలిస్తే మనిషికి అంత ఊరట.

ఆశాజ్యోతి చెక్క దగ్గరికి వెళ్ళి, అంచున వేలు పెట్టి చూసింది. పసుపు రేకులు వార్నిష్‌లో కుదురుగా మునిగిపోయి, ఎవరో కూర్చుని అమర్చినట్టు ఉన్నాయి. దుర్గేష్ వాటిని తీసేస్తానని ఉప్పు కాగితం అందుకోబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనివ్వండి. సితార్ అయితే కింద కూర్చోవాలి. రోజంతా వార్డులో నిలబడ్డాక నా మోకాళ్ళు ఒప్పుకుంటాయా? ఇదైతే సోఫాలో కూర్చుని వాయించుకోవచ్చు."

గిటార్ ఆ మర్నాటికి పూర్తి కాలేదు. ఇన్‌స్ట్రక్షన్లు రాసినవాళ్ళు ఎక్కువ చేసి రాయలేదని తేలింది. రేకుల మీద మళ్ళీ మళ్ళీ వార్నిష్ పూసి, ఆరనిచ్చి, నున్నగా చేయడానికి వారాలు పట్టింది. అయితే దుర్గేష్ ఒంటరిగా చేయలేదు. రాఘవయ్యగారు మెడ పట్టుకుంటే అతను మరలు బిగించాడు. టంకం సాయి తేజ పెట్టాడు. మొదటిసారి తీగ మీటినప్పుడు గిటార్ ఫ్రిజ్‌లాగా గుర్రుమంది. ఒక వైరు మార్చాక పాటలాగే మోగింది. ఆశాజ్యోతి మూడు స్వరాలు వాయించి, నాలుగోది దొరక్క నవ్వేసింది.

టికెట్ సంగతి ఆ శనివారం సాయంత్రమే తేలిపోయింది. జనం వెళ్ళాక లక్ష్మణరావుగారు సూట్‌కేసు మళ్ళీ మంచం కిందకి తోసేశారు.

"పోతేగానీ తెలీలేదు అల్లుడుగారూ, ఈ ఊళ్ళో ఇంతమంది ఉన్నారని," అన్నారు. "ఆ వీసా పొడిగించడానికి ఏం చేయాలో చూడండి."

ఇప్పుడాయన పొద్దున్నే రాఘవయ్యగారితో నది ఒడ్డున నడుస్తారు. మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో భోజనం. శనివారాలు సంఘం పిల్లలకు లెక్కలు చెబుతారు. సాయి తేజ ఫ్లాట్‌లో కుర్రాళ్ళకు పప్పు తిరగమోత నేర్పుతారు. దుర్గేష్ ఆయనతో ఏదైనా మాట్లాడాలంటే ముందురోజే చెప్పి ఉంచుకోవాలి.