ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ ఆగని కారు

ఆదివారం పొద్దున్న ఏడింటికి చరిత్ర మాస్టారు తన కారు ముందు నిలబడి, మెత్తని గుడ్డతో అద్దం తుడుస్తూ, దానికి నాలుగు మంచిమాటలు చెబుతున్నారు. పిల్లల్ని పరీక్ష హాల్లోకి పంపేటప్పుడు చెప్పే మాటలే. భయపడొద్దు, తొందరపడొద్దు, వచ్చినంతవరకు చెయ్యి. కారుకు ఆ రోజు నిజంగానే పరీక్ష. సాయంత్రం నాలుగింటికి పాత కార్ల వ్యాపారి వచ్చి దాన్ని పట్టుకుపోతానని కబురు చేశాడు. వాణ్ణి పిలిచింది ఎవరో కాదు, మాస్టారి భార్యే.

ఆవిడ ఆసుపత్రిలో హెడ్ నర్సు. వీధి వీధంతా ఆవిణ్ణి నర్సమ్మ అనే పిలుస్తుంది. మొన్న బుధవారం డ్యూటీకి వెళుతుంటే నాలుగు రోడ్ల కూడలి నట్టనడుమ కారు ఆగిపోయింది. తెల్లటి యూనిఫాంలో దిగి, వెనక్కి వెళ్ళి, ఆవిడే తోసింది. మాస్టారు స్టీరింగ్ పట్టుకుని కిటికీలోంచి తల బయటపెట్టి "ఇంకొంచెం, ఇంకొంచెం" అన్నారు. ఆ రెండో "ఇంకొంచెం" దగ్గర ఆవిడ ఓపిక అయిపోయింది.

మాస్టారు కాళ్ళావేళ్ళా పడితే చివరికి ఒక షరతు మీద దిగివచ్చింది. ఆదివారం కొండ మీదున్న అక్క ఇంటికి వెళ్ళాలి. కారు దారిలో ఎక్కడా ఆగకుండా తనను అక్క గుమ్మం ముందు దింపితే వ్యాపారిని రావద్దంటుంది. ఆగిందా, సాయంత్రం తాళంచెవి వాడి చేతిలో పెట్టేస్తుంది.

"ఆగదే. ఇది కసుమోరి," అన్నారు మాస్టారు.

"మరి మొన్న ఆగిందేమిటి?"

"ఆగలేదు. కాసేపు ఆలోచించింది."

నర్సమ్మ లోపలికి వెళ్ళి, నడుంనొప్పికి రాసుకునే మందు తెచ్చి చేతిసంచిలో వేసుకుంది.

కొండెక్కే ముందు ఇంకో పని ఉంది, కార్ల సంఘం సభ. కసుమోరి అనేది జపాన్ కంపెనీ. ఊళ్ళో ఆ కార్లున్న నలభై మంది ఒక సంఘం పెట్టుకున్నారు. ఒకప్పుడు ఊళ్ళోని డీలరు తెప్పించినవన్నీ ఒకే మోడల్ తెల్లకార్లు కావడంతో, ఆ సంఘం ఏడాదికోసారి మైదానంలో కలిసిందంటే నలభై కార్లూ ఒక్క తల్లి పిల్లల్లా నిలబడతాయి. కంపెనీ ఒక మెకానిక్కును పంపిస్తుంది. అతను ఓ మూల డేరా వేసుకుని కార్లను ఉచితంగా పరీక్షిస్తాడు. ఈలోగా మాస్టారు కంపెనీ చరిత్ర మీద గంటసేపు మాట్లాడతారు.

ఆ చరిత్ర ఆయనకు కొట్టిన పిండి. గడియారాలకు స్ప్రింగులు చేసుకు బతికే ఒక ముసలాయన, ఆ వ్యాపారం దెబ్బతినడంతో మూడు చక్రాల బండి చేశాడు. నాలుగో చక్రం పెట్టడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. తొలి కారు ఫ్యాక్టరీ ఆవరణలో పదకొండు చుట్లు తిరిగి పేరు తెచ్చుకుంది. పదకొండో చుట్టు చివర అది ఆగిపోతే, ఆ ముసలాయన దానికి వంగి నమస్కారం పెట్టి, పన్నెండో చుట్టు తనే తోసుకుంటూ తిప్పాడట. ఈ చివరి ముక్క మాస్టారు పుస్తకంలో చదివారు గానీ, ఇన్నేళ్ళలో సభలో ఒక్కసారీ చెప్పలేదు.

"ఇక నా సొంత అనుభవం," అంటూ ఆ రోజూ మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఇరవై రెండేళ్ళు. నా కారు ఒక్కసారి కూడా దారిలో ఆగింది లేదు."

ముందు వరసలో కూర్చున్న నర్సమ్మ అరచేతులు ఒకసారి చూసుకుంది.

తర్వాత సభ్యుల వంతు. ముగ్గురు పిల్లల్ని కాలేజీ దాకా మోసిన కారని ఒకాయన మెచ్చుకున్నాడు. కుడివైపు తిప్పితే ఎడమ తలుపు తెరుచుకుంటోందని ఇంకొకాయన వాపోయాడు. ఆఖరున పళ్ళ డాక్టరు లేచాడు. ఆయన లేస్తే జనం టీ కోసం లేస్తారు.

"ముందు ఎడమవైపు టిక్కుమని చప్పుడు. పంటిపోటులాగా, ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. జపాన్‌కు పద్దెనిమిది ఉత్తరాలు రాశాను. పద్దెనిమిదిసార్లూ క్షమాపణ చెప్పారు గానీ చప్పుడు పోలేదు. నా కారంత దరిద్రపు కారు ఈ మైదానంలో ఇంకోటి లేదు," అన్నాడు. ఆ చప్పుడు ఆయనకు తప్ప ఇంతవరకు ఎవరికీ వినిపించలేదు.

సభ ముగిసింది. మెకానిక్కు కార్లన్నీ డేరాలోకి తీసుకెళ్ళి, చూసి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నిలిపేశాడు. మాస్టారు పొద్దున్న తన కారు పెట్టిన చోటికి నేరుగా వెళ్ళి, అక్కడున్న తెల్లకారుకు తాళం తిప్పారు. తెరుచుకుంది. తెరుచుకోక ఏం చేస్తుంది? మాస్టారి తాళంచెవి ఎంత అరిగిపోయిందంటే అది ఏ కసుమోరిలోనైనా తిరుగుతుంది. మాస్టారి కారు తాళం ఎంత అరిగిపోయిందంటే దానిలో ఏ చెవైనా తిరుగుతుంది. ఈ రెండో సంగతి వల్ల జరగవలసింది ఇంకాసేపటికి జరిగింది.

కారు మొదటి తిప్పుకే బయలుదేరింది. నర్సమ్మ అలవాటుగా తలుపు ఊడకుండా పట్టుకోబోయింది. అది ముందే గట్టిగా పడి ఉంది. కిటికీ అద్దం వేలితో నొక్కగానే కిందికి దిగింది, మళ్ళీ నొక్కితే పైకొచ్చింది. ఆవిడ దాన్ని నాలుగుసార్లు దించి, నాలుగుసార్లు ఎక్కించింది.

"ఏమండీ, కారుకు ఏమైంది?"

"మెకానిక్కు చూశాడుగా. జపాన్‌లో తర్ఫీదైన చెయ్యి మరి," అన్నారు మాస్టారు. ఆయనకూ లోపల అనుమానంగానే ఉంది గానీ, ఇంతకాలం తను చెబుతున్నదే నిజమైందన్న సంబరంలో ఆ అనుమానాన్ని పట్టించుకోలేదు.

కొండదారి మొదలైంది. మామూలుగా మొదటి మలుపు దగ్గరే కారు దగ్గడం మొదలుపెడుతుంది. ఆ రోజు కిక్కురుమనలేదు. నర్సమ్మ ముందరి అర తెరిచి చూస్తే ఒక రేకు డబ్బా నిండా పిప్పరమెంట్లు కనిపించాయి.

"ఇదెక్కడిది?"

"కంపెనీ బహుమతి అయ్యుంటుంది. సీట్లకు కొత్త తొడుగులు కూడా వేశారు చూడు."

"వెనక సీట్లో దుప్పటి కూడా పెట్టారండీ."

"అదే మరి మర్యాదంటే. కొండమీద చలిగా ఉంటుందని వాళ్ళకు కూడా తెలుసు."

నర్సమ్మ రెండు పిప్పరమెంట్లు నోట్లో వేసుకుని, డబ్బా సంచిలో పడేసి, సీటులో వెనక్కి వాలింది. తర్వాత మెల్లగా అంది.

"ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. ఇన్నేళ్ళలో ఈ కారులో నేను కూర్చున్నది ఇవాళే. మిగతా రోజులన్నీ డ్యూటీ చేశాను."

వెనకనుంచి తోసే మనిషి మాస్టారికి అద్దంలో ఎప్పుడూ భుజాల దాకానే కనిపించేది. ముఖం ఎలా ఉందో ఏనాడూ చూడలేదు. ఏదో అనాలనుకున్నారు గానీ, అది అనేలోపే నర్సమ్మ ఫోన్ తీసి వ్యాపారికి చేసేసింది.

"మీరు రానక్కర్లేదండీ. మా కారు బంగారంలా ఉంది. అమ్మడం లేదు."

ఫోన్ పెట్టిన మరుక్షణం వెనక సీట్లో దుప్పటి లేచి కూర్చుంది. దానిలోంచి తెల్లజుట్టు, ఆ వెనక కళ్ళజోడు బయటికొచ్చాయి.

"ఇల్లొచ్చిందా నాయనా?"

మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ మోగింది. సంఘం అధ్యక్షుడు.

"మాస్టారూ, మన పళ్ళ డాక్టరు గారి అత్తగారు కనబడటం లేదండీ. మీరెక్కడైనా చూశారా?"

మాస్టారు అద్దంలోకి చూశారు. "చూస్తూనే ఉన్నాను," అన్నారు.

ఆ పెద్దావిడ అల్లుడి ప్రసంగం వినలేక కారులో ముసుగుతన్ని పడుకుందట. ఏ మాత్రం కంగారు పడలేదు. కారు వెనక్కి తిప్పుతుంటే కబుర్లు మొదలుపెట్టింది. "ఈ కారు కొన్నప్పటినుంచి ఒక్కరోజు మూలపడింది లేదమ్మా. మా అల్లుడికి మాత్రం ఇది ఎప్పుడూ రోగిష్టిదే. ముందరి అరలో నా పిప్పరమెంట్ల డబ్బా ఉండాలి, చూడండి తల్లీ."

నర్సమ్మ నోట్లో ఉన్నదాన్ని చప్పరించకుండా మింగేసింది. డబ్బా సంగతి ఎత్తే ధైర్యం రాలేదు.

మైదానంలో అప్పటికి పెద్ద తిరునాళ్ళలా ఉంది. ఎవరూ ఎక్కకుండా మిగిలిన ఒక్క తెల్లకారు తనదేననుకుని పళ్ళ డాక్టరు ఎక్కాడు. గేటు దాకా వెళ్ళి, వెనకున్న కార్లన్నిటికీ అడ్డంగా ఆగిపోయాడు. హారను నొక్కితే వైపర్లు ఆడాయి. తలుపు మూస్తే అద్దం ఊడి లోపలికి పడిపోయింది. ఇంకొకడైతే ఏడ్చేవాడు. డాక్టరు ముఖం మాత్రం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోతోంది. అత్తగారు తప్పిపోయిందన్న బెంగ కూడా ఆ వెలుగును పూర్తిగా ఆర్పలేకపోయింది.

"చూశారా? ఇన్నేళ్ళుగా మొత్తుకుంటున్నాను. ఒక్కడైనా నమ్మాడా? ఇప్పుడు చూడండి, కళ్ళారా చూడండి," అని వచ్చినవాళ్ళందరికీ బానెట్ ఎత్తి చూపిస్తున్నాడు. ఆరుగురు మగాళ్ళు చెమటలు కక్కుతూ తోసినా కారు ఉలకదు, పలకదు. మెకానిక్కు తన పుస్తకం రెండుసార్లు తిరగేసి మూసేశాడు.

అంతలో అత్తగారు మాస్టారి వెనక సీట్లోంచి దిగింది. అధ్యక్షుడు ఆవిణ్ణి చూశాడు, ఆవిడ దిగిన కారు నంబరు చూశాడు, గేటు దగ్గర ఆగిన కారు నంబరు చూశాడు. నలభై మందీ మాస్టారి వైపు తిరిగారు. పళ్ళ డాక్టరు ముఖంలో వెలుగు ఒక్కసారిగా పోయింది. పాపం, ఇన్నాళ్ళకు దొరికిన రుజువు ఇంకొకరిదైపోయింది.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. మెకానిక్కు ఏదో పాడుచేశాడని ఒక్క మాట అంటే గండం గడిచిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ కొండమీద భార్య అన్న మాట చెవుల్లో ఇంకా మోగుతోంది.

"అది నా కారే," అన్నారు. "అది ఆగుతుంది. వారానికి రెండుసార్లు ఆగుతుంది. వానొస్తే ఎక్కువ. ఆగినప్పుడల్లా మా ఆవిడ తోస్తుంది. ఇరవై రెండేళ్ళుగా నేను స్టీరింగ్ దగ్గర కూర్చుని, ఆవిడ చేతుల బలాన్ని ఇంజను బలమని మీ అందరికీ చెప్పుకొచ్చాను. తప్పు నాది."

మాస్టారు వెళ్ళి తన కారు బానెట్ మీద చెయ్యి వేసి, తల దించుకుని నిలబడ్డారు. దాంతో అదే చివరిరోజని ఆయనకు తెలుసు. వ్యాపారికి ఇంకో ఫోన్ చేయడం ఎంతసేపు?

నర్సమ్మ కాసేపు ఆయన వంక చూసింది. తర్వాత చేతిసంచి పెద్దావిడకిచ్చి, చీర కొంగు నడుముకు దోపుకుని, ఆరుగురు మగాళ్ళనూ పక్కకు జరగమంది. బానెట్ కింద చెయ్యిపెట్టి ఒక వైరును నాడి చూసినట్టు రెండు వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా తిప్పింది. ఎడమ తలుపు రెండుసార్లు తెరిచి మూసింది. లోపల కూర్చుని, గేరు రెండులో వేసి, పది అంకెలు లెక్కపెట్టింది.

"ఇప్పుడు తొయ్యండి. ముగ్గురు చాలు. ఒక్క అడుగు చాలు."

ముగ్గురు తోశారు. కారు ఒక్క కుదుపు కుదిపి బయలుదేరింది. నర్సమ్మ మైదానం చుట్టూ ఒక చుట్టు తిప్పి తెచ్చి మాస్టారి ముందు ఆపింది. మెకానిక్కు జేబులోంచి పెన్ను తీశాడు.

"ఇది మా పుస్తకంలో లేదమ్మా. ఆ పది అంకెలు ఎందుకు?"

"కంగారుపెడితే మొరాయిస్తుంది బాబూ. మా వార్డులో కొందరుంటారు, అచ్చు ఇలాగే."

నలభై మందీ చప్పట్లు కొట్టారు. విశ్వాసపాత్రుడైన యజమానికని సంఘం ఏటా మాస్టారికిచ్చే చిన్న ఇత్తడి కారు బొమ్మను అధ్యక్షుడు ఈసారి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని డాష్‌బోర్డు మీద పెట్టి, పెద్దావిడ దగ్గర సంచి తీసుకుని అందులోంచి ఫోన్ తీసింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

"అక్కా, ఇవాళ ఆలస్యమవుతుందే. మధ్యాహ్నం భోజనం పక్కన పెట్టు," అని ఫోన్ పెట్టేసింది.

"మరి వ్యాపారి?" అన్నారు మాస్టారు.

"వాడికేం తెలుసు దీని సంగతి? నా చేతిమీద ఇన్నేళ్ళు బతికింది. పైగా మీరు ఇవాళ నిజం చెప్పారు. ఉంచుకుందాం," అంది నర్సమ్మ. మాస్టారి కళ్ళు చెమర్చాయి. ఆనందంగా డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళారు. ఆవిడ జరగలేదు.

"ఇటు కాదు," అంది. "వెనక్కి. మొదటి మలుపు దగ్గర ఆగుతుంది, అప్పుడు దిగేకంటే ఇప్పుడే తోసే చోటు అలవాటు చేసుకోండి. నడుంనొప్పి మందు సంచిలో ఉంది."

పళ్ళ డాక్టరు మర్నాడే జపాన్‌కు పందొమ్మిదో ఉత్తరం రాశాడు. కారులో ఉన్నట్టుండి టిక్కుమనే చప్పుడు ఆగిపోయిందనీ, లోపల ఏదో విరిగి ఉంటుందనీ దాని సారాంశం. సంచిలో టిక్కుమంటున్న పిప్పరమెంట్ల డబ్బా తిరిగివ్వాలని నర్సమ్మకు మూడు నెలల తర్వాత గుర్తొచ్చింది.

మరుసటి ఏడాది సభలో మాస్టారు ఆ ముసలాయన పన్నెండో చుట్టు గురించి మొట్టమొదటిసారిగా చెప్పారు. కారును గేటు దగ్గరనుంచి తోసుకుంటూ వచ్చారు కాబట్టి, మిగతా చరిత్రకు ఆయనకు ఊపిరి చాలలేదు.