రెండువందల నలభై ప్లేట్లు

ఆ బుధవారం పొద్దున రాజ్‌కుమార్ పెట్టుకున్న పనులు రెండే. సినిమా సీడీలన్నిటినీ మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టెలో సర్దుకోవడం ఒకటి, పగటి బస్సుకు కామారెడ్డి పోయి ఏజెంటు హరిచంద్ దగ్గర మస్కట్ టికెట్టు తెచ్చుకోవడం రెండోది. సోమవారం విమానం. తొమ్మిది గంటలకల్లా మొదటి పని అయిపోయింది.

సీడీలు మొత్తం రెండువందల నలభై. ఎల్లారెడ్డి బస్టాండు వెనక సినిమాలు కిరాయికిచ్చే దుకాణం ఒకటుండేది. సెల్‌ఫోన్లలో గోరంత కార్డుల మీదికి సినిమాలు ఎక్కడం మొదలయ్యాక అది మూతపడింది. దుకాణదారు సరుకునంతా తూకానికి వదిలించుకుంటుంటే రాజ్‌కుమార్ గోనెసంచి పట్టుకుని పోయి మోసుకొచ్చాడు. చూసినవాళ్లు నవ్వారు. నవ్వనీ అనుకున్నాడు. వాళ్లెవరూ మస్కట్‌కు ఆవల ఖర్జూర తోటలో రెండేళ్లు ఉండి రాలేదు కదా.

అతను ఉండి వచ్చాడు. ఆ తోటలో తెలుగు తెలిసినవాడు తనొక్కడే. తిరిగొచ్చిన రోజు పప్పులో ఏం వేసి వండమంటావని భార్య సలోమి అడిగితే, చింతచిగురు అనే మాట నోటికి రాక, చేత్తో చెట్టును చూపించాడు. సలోమి ఆ పూటంతా ఏడ్చింది. తనకు ఏడుపు కూడా రానందుకు అతనికి భయం వేసింది. ఈసారి పోయేది ఏదో క్యాంపులో ఊడ్చే పనికి. అక్కడా తెలుగువాళ్లు ఉండరని హరిచంద్ ముందే చెప్పాడు. ఇంకోసారి మాట పోగొట్టుకుంటే మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం అతనికి లేదు. అందుకే సంచిలో పట్టేంత ప్లేయరు కొన్నాడు. మూడు రోజులకొక సినిమా చొప్పున చూస్తే రెండేళ్లు గట్టెక్కుతాయి.

అయితే వాళ్ల వాడకట్టులో సీడీని సీడీ అనేవాళ్లు తక్కువ. గుండ్రంగా, తళతళలాడుతూ ఉంటుంది కాబట్టి ప్లేటు అనేవాళ్లు. రాజ్‌కుమార్ కూడా అలాగే అనేవాడు. ఆ అలవాటే కొంప ముంచింది. విమానంలో వాటిని పోనిస్తారో లేదోనని అనుమానం వచ్చి, బస్సెక్కే ముందు హరిచంద్‌కు ఫోను చేశాడు.

"అన్నా, నేను రాజ్‌కుమార్‌ను. ప్లేట్లు పట్కపోనిస్తరా?"

"ఎందుకు పోనియ్యరు? ఆడ మెస్సుల ఎవని ప్లేటు వానిదే. పట్కపో."

మెస్సులో ఎవరి సినిమా వాళ్లు చూసుకుంటారు కాబోలని రాజ్‌కుమార్ అనుకున్నాడు. "ఎన్ని పట్కపోవచ్చు?"

"ఎన్నున్నయి నీ తాన?"

"రెండువందల నలభై."

"ఏందిరా, ఆడ హోటల్ గిట్ల పెడుతున్నవా?"

సీడీల మీద వెక్కిరింతలు అతనికి కొత్త కాదు. "అట్లనే అనుకో అన్నా," అని ఫోను పెట్టేశాడు.

హరిచంద్ ఆఫీసుకు చేరేసరికి వాతావరణం మారిపోయి ఉంది. ఎప్పుడూ నిలబెట్టి మాట్లాడే మనిషి కుర్చీ వేశాడు. చాయ్ తెప్పించాడు. రాజ్‌కుమార్ గారూ అన్నాడు. ఇంత మర్యాద చేస్తున్నాడంటే వీసాలో ఏదో తిరకాసు ఉండి ఉంటుందని రాజ్‌కుమార్ చాయ్ పక్కనపెట్టి ముందు టికెట్టు చేతిలోకి తీసుకున్నాడు. పక్క బెంచీ మీద ఎల్లారెడ్డి దగ్గరి తండా మనిషి తేజ్యా కూర్చుని ఉన్నాడు. రెండు నెలలుగా వీసా కోసం తిరుగుతున్నవాడు. రాజ్‌కుమార్‌ను కొత్తగా చూసినట్టు చూసి, ఫోను తీసుకుని బయటికి పోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి సలోమి గడపలో నిలబడి ఉంది.

"హోటల్ పెడుతున్నవట. ఊరంత తెల్సింది, కట్టుకున్నదానికి తెల్వదు."

"హోటల్ ఏంది? నాది ఊడ్సే పని."

"ఊడ్సేటోనికి హరిచంద్ కుర్సీ ఏస్తడా?"

కుర్చీ వేసిన మాట నిజమే.

మర్నాడు తేజ్యా వచ్చి, తన భార్య రుక్మిబాయి చేసిన జొన్నరొట్టెలు నాలుగు ముందు పెట్టాడు. "రుచి సూడు అన్నా. నీ హోటల్ల ఇట్ల రొట్టె కొట్టేటోళ్లు కావాలె గద."

"హోటల్ లేదు తేజ్యా. నీ పానం మీద ఒట్టు."

"పోయేముందట అందరు గట్లనే అంటరు. దిష్టి తాకుతదని," అని తేజ్యా కన్ను గీటాడు.

ఎంత గట్టిగా కాదంటే అంత గట్టిగా నమ్ముతున్నారు. శనివారానికి రాజ్‌కుమార్ కాదనడం కూడా మానుకున్నాడు. ఆదివారం చర్చిలో పాస్టరు స్వామిదాసు కళ్లు మూసుకుని, ఎడారిలో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టబోతున్న నీ బిడ్డను, అతని రెండువందల నలభై ప్లేట్లను దీవించు ప్రభువా అని ప్రార్థన ఎత్తుకున్నాడు. ప్రార్థన మధ్యలో లేచి నిలబడి ప్రభువుకు అసలు సంగతి విన్నవించే ధైర్యం రాజ్‌కుమార్‌కు లేకపోయింది. అందరితోపాటు ఆమెన్ అన్నాడు. హోటలు సంగతి అతనే ఒప్పుకున్నాడని ఊరు తీర్మానించింది.

ఆ సాయంత్రం నుంచి ప్లేట్లు రావడం మొదలైంది. "రెండువందల నలభైల మాదొకటి," అంటూ ఒక్కొక్కరు ఒక్కో స్టీలు ప్లేటు తెచ్చి ఇచ్చారు. అన్నీ పెండ్లిళ్లలో చదివింపులకు వచ్చినవే. అంచు మీద పేర్లు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉన్నాయి. చీకటి పడేసరికి ముప్పై ఒకటయ్యాయి. ఆ ముప్పై ఒకటోది తెచ్చింది కూలికి పోయి బతికే ముసలి చంద్రవ్వ.

"మా ఆయన పేరుంది బిడ్డా దీని మీద, సీతారాం అని. ఎన్నడు బస్సు గూడ ఎక్కలే. ఇమానమన్న ఎక్కనీ."

"అవ్వా, నిజంగ హోటల్ లేదవ్వా."

"లేకుంటే లేకపాయె. నువ్వు తిను."

ఆమె పోయాక అతను చాలాసేపు ఆ ప్లేటు పట్టుకుని కూర్చున్నాడు. తాను పోయాక ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చెయ్యమని సలోమికి చెప్పి, అన్నిటినీ మూలకు పేర్చాడు. సోమవారం పొద్దున బీబీపేట నుంచి అత్త సాలవ్వ సాగనంపడానికి వచ్చింది. పెట్టె ఎత్తుతుంటే కాస్త బరువనిపించింది. అత్త తెచ్చిన మామిడి తొక్కుడబ్బా బరువనుకుని, సలోమి ముఖం చూడకుండా బస్సెక్కాడు.

మస్కట్ క్యాంపులో పెట్టె తెరిచాడు. దుప్పటి మడతల్లో ముప్పై ఒక్క స్టీలు ప్లేట్లు, తొక్కుడబ్బా. సీడీ ఒక్కటీ లేదు. ప్లేయరు మూత తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. చచ్చిపోవాలని అనిపించలేదు గాని, బతకాలని కూడా అతనికి పెద్దగా అనిపించలేదు. ఇంటికి ఫోను చేశాడు.

"అమ్మ పని," అంది సలోమి ఏడుస్తూ. "నువ్వు తానం చేస్తుంటే పెట్టె తెరిచి సూసిందట. అయ్యగారు పార్థన చేసిన ప్లేట్లు మూలకేసి, పిట్టల్ని బెదిరిచ్చే బిళ్లలు పెట్టుకున్నడు, అల్లునికి మతి తప్పిందని మార్చిపెట్టిందట. బిళ్లలు తండాల భీమ్‌సింగ్‌కు ఇచ్చింది, మక్కచేన్ల కట్టుకోమని."

మూడో రోజు క్యాంపు సూపర్‌వైజరు ఆ ప్లేట్లు చూశాడు. సరిగ్గా అప్పుడే మెస్సులో వంటవాడు పని మానేసి పోయాడు. ముప్పై ఒక్క ప్లేట్లతో వచ్చినవాడికి వంట రాకుండా ఉండదని అతనికి తోచింది. అతనూ హరిచంద్ లాగే ఆలోచించే మనిషి. రాజ్‌కుమార్ చేతిలోంచి చీపురు తీసి గరిటె పెట్టాడు. వండడం వచ్చినవి పప్పూ అన్నమే కాబట్టి రాజ్‌కుమార్ అవే వండాడు.

తినేవాళ్లు నేపాలీలు, బెంగాలీలు. ప్లేట్ల మీద ఏం రాసి ఉందని అడిగితే చదివి చెప్పాడు. ఏ ప్లేటు ఎవరిదో గుర్తుండాలి కాబట్టి వాళ్లు ఆ పేర్లే పెట్టుకున్నారు. గుబురు మీసాల బెంగాలీ ఒకడు రుక్మిబాయి అయ్యాడు. పొడుగాటి నేపాలీ భూదేవి అయ్యాడు. రుక్మిబాయికి అన్నం చాలలేదనీ, భూదేవికి జ్వరమనీ పొద్దంతా వంకర నాలుకల మీద ఊరి పేర్లు తిరిగేవి. పలికే తీరు తప్పైనప్పుడల్లా రాజ్‌కుమార్ దిద్దేవాడు. సీతారాం ప్లేటు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అందరూ తిని పోయాక అందులో తను తినేవాడు. ఊరు గుర్తుకొచ్చి ఏడుపు వచ్చేది. ఈసారి ఏడుపు వస్తున్నందుకు ధైర్యంగా ఉండేది.

మూడు నెలలయ్యాక ఒక రోజు ఫోనులో, సీడీల సంగతి ఉండబట్టలేక అడిగాడు.

"చేను సుట్టు తీగకు కట్టిండు భీమ్‌సింగ్," అంది సలోమి.

"చిలుకలు బెదురుతున్నయా?"

"యాడ బెదురుతున్నయి. పొద్దుగాల్నే వచ్చి ఎదురుంగ వరుసగ కూసుంటున్నయట. ఆట అయిపోయేదాక లేస్తలేవట."