స్లయిడు దాటిన రంగు

ఆ ఉదయం చెల్లెలు పెట్టుకున్న పని చిన్నది. ఇరవై ఆరు స్లయిడ్లను పదకొండు గంటలకల్లా ఒక్కలా కనిపించేటట్టు చేయాలి. నాలుగు గంటలకు ఆసుపత్రి నుంచి పెద్ద డాక్టరు, హెడ్ నర్సు వస్తారు. ఆ ఆసుపత్రిలో మూడు వందల నలభై బోర్డులు పెట్టాలి: ఎక్స్‌రే ఇటు, మందులు అటు, ఇది దారి కాదు. ఆ పని దొరికితే అక్కాబావల బోర్డుల దుకాణం నిలుస్తుంది. దొరక్కపోతే ఒకటో తారీఖున సెల్‌ఫోన్ల కొట్టుకు అప్పగించాలి. సంతకం పెట్టాల్సిన కాగితం బల్ల సొరుగులో ఉంది.

స్లయిడ్లను ముగ్గురు మూడు రకాలుగా చేశారు. బావ చేసినవి పసుపు రంగు; శీర్షిక ఒక్కో స్లయిడులో ఒక్కో మూల. అక్క చేసిన వాటిలో ప్రతి అక్షరానికీ నీడ, ప్రతి నీడకీ అంచు. ముప్ఫై ఒక్కేళ్లుగా ఆ దుకాణంలో బోర్డులు రాస్తున్న మేస్త్రి ఇచ్చిన ఫొటోల చుట్టూ గులాబీలున్నాయి. మనవరాలు పెట్టిందని చెప్పాడు.

"ఇది ప్రెజెంటేషనా, సంతలో గాజుల కొట్టా?" అంది చెల్లెలు.

"చూడముచ్చటగానే ఉందిగా" అంది అక్క.

"ఒక స్లయిడు నుంచి ఇంకోదానికి వెళ్తే ఊరు మారినట్టుందక్కా. ఒకే రంగు, ఒకే అక్షరం, శీర్షిక ఒకే చోట ఉండాలి. చూసేవాళ్లకి ఎక్కడా తేడా తెలియకూడదు."

ఆమె ఒక నమూనా స్లయిడు తయారుచేసి మిగతావన్నీ దానికి కట్టుబడేలా చేసింది. తెల్లవారుతుండగా నీళ్ల మీద నిలిచే మంచు రంగు ఎంచుకుంది. నీలం అనడానికి లేదు, బూడిద అనడానికీ లేదు. పది నలభైకి పని అయిపోయింది. చివరి స్లయిడుకు ఆసుపత్రి వరండా కొలతలు కావాలి. టేపు తీసుకుని బయల్దేరుతూ, "ఒకసారి ప్రొజెక్టరుతో గోడ మీద వేసి చూడండి బావా" అని చెప్పింది.

బావ వేసి చూశాడు. గోడ రంగు మీగడ. వెలుగు ఆగిన చోట ఆ మీగడ బయటపడింది.

"తేడా తెలుస్తోంది. తెలియకూడదంది కదా మరదలు" అన్నాడు.

మేస్త్రి బొటనవేలి గోరును ల్యాప్‌టాప్ తెర మీద ఆనించి, కిటికీ దగ్గరికి వెళ్లి, గోరు వంకే చూస్తూ అర నిమిషం నిలబడ్డాడు. రంగులు అలాగే కలుపుతాడు. ఇంతవరకూ తప్పలేదు.

"గోడకి ఇదే రంగు గంటలో దించేస్తా బాబూ. ఫ్యాను పెడితే ఇంకో గంటలో ఆరిపోద్ది."

గోడ స్లయిడులో కలిసిపోయింది. దాంతో మిగతా మూడు గోడలూ పిలవని చుట్టాల్లా కనిపించాయి. వాటికీ వేశాడు. ఇక తలుపు ఎత్తిచూపినట్టుంది. తలుపుకు వేశాడు, పిడికి వేశాడు, బీరువాకు వేశాడు, స్విచ్చుబోర్డుకు వేశాడు. చెయ్యి తిరిగిన మనిషి. ఎక్కడా గీత కనపడలేదు. అక్క ఊరుకుంటుందా? బ్యానరు గుడ్డ తాను విప్పి, మేస్త్రి చేత అదే రంగు స్ప్రే కొట్టించి, బల్లకు, కుర్చీలకు, కిటికీలకు, చివరికి నలుగురు మనుషులకు సరిపడా తొడుగులు కుట్టేసింది.

మూడు నలభై ఐదుకు చెల్లెలు తిరిగివచ్చి తలుపు తీసింది. లోపల గది లేదు. మంచు ఉంది.

"బావా?"

"ఇక్కడే ఉన్నానమ్మా" అంది గోడ.

"ఏం చేశారు బావా ఇది?"

"నువ్వు చెప్పిందే."

"నేను చెప్పింది స్లయిడ్లకి!"

"మేం ఇంకాస్త ముందుకెళ్లాం" అన్నాడు బావ.

అక్క ఒక కోటు అందించింది. "తొందరగా వేసుకోవే. ఎర్ర చొక్కాతో నువ్వొక్కదానివే తేడా కొడుతున్నావ్."

ఏడవడానికి వ్యవధి లేదు. మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఆమె కోటు వేసుకుంది.

అతిథులు కూర్చున్నాక అక్క తలుపు మూసి, లైటు ఆర్పింది. ప్రొజెక్టరు వెలిగింది. గదికి మూలలు లేవు. తెల్లటి అక్షరాలు గాలిలోంచి వచ్చి గాలిలోకే పోయాయి. వాటి పక్కన చెల్లెలి తల, రెండు చేతులు తేలుతున్నాయి. తన గొంతు తనకే నీళ్ల కింది నుంచి వస్తున్నట్టు వినిపించింది. ఏడో స్లయిడు దగ్గర హెడ్ నర్సు మంచినీళ్లు తాగి, గ్లాసును బల్ల మీద పెట్టింది. బల్ల జానెడు ఇవతలే ఆగిపోయింది. గ్లాసు కిందపడ్డ చప్పుడు ఎక్కడో దూరంగా వినిపించింది.

పద్నాలుగో స్లయిడు దగ్గర డాక్టరు ఆవులించాడు. ఇరవై ఆరోది అయ్యాక లేచాడు.

"బాగుంది. చూసి చెప్తాం."

ఆ మాటకు అర్థం బావకు తెలుసు. పదేళ్లలో అలా చూసిన వాళ్లెవరూ తిరిగి చెప్పలేదు. అక్క సొరుగు వైపు చూసింది. సొరుగు కనిపించలేదు.

డాక్టరు తలుపు అనుకున్న వైపు నాలుగడుగులు వేసి గోడను నెట్టాడు. గోడ కదల్లేదు. పక్కకు జరిగి మళ్లీ నెట్టాడు.

"ఇటండీ" అన్నాడు బావ, ధీమాగా, కిటికీ వైపు చూపిస్తూ.

"ముందు లైటు వెయ్యండి" అంది నర్సు.

"స్విచ్చు వెతుకుతున్నానమ్మా" అన్నాడు మేస్త్రి. తన పనితనం మీద మొదటిసారి అతనికి కోపం వచ్చింది.

ఆరుగురూ గోడలు తడుముకుంటూ గది చుట్టూ తిరిగారు. డాక్టరు ఒకచోట చేయి పట్టుకుని, "ఇదేనా పిడి?" అన్నాడు. "నా చెయ్యండీ" అంది అక్క. నాలుగు నిమిషాలు గడిచాయి. డాక్టరు ఊపిరి బరువుగా వినిపించింది.

"ఎవరైనా ఒక్క మాట చెప్పొచ్చు కదా, ఎటు వెళ్లాలో!" అని అరిచాడు.

మంచులోంచి నర్సు గొంతు నెమ్మదిగా వచ్చింది. "సార్, మన వరండాలో జనం రోజూ అరిచేది ఇదే మాట."

డాక్టరు గోడ మీది నుంచి చెయ్యి తీశాడు. "అన్నీ ఒకేలా ఉంటే మనిషికి ఎలా ఉంటుందో నాకు ఇరవై ఏళ్లలో ఎవరూ చూపించలేదు" అన్నాడు. "ఎవరిదండీ ఈ ఆలోచన?"

"అది పొరపాటున..." అంటూ చెల్లెలు నోరు తెరిచింది. అక్క ఆమె కాలనుకుని తొక్కింది.

"అమ్మా!" అన్నాడు మేస్త్రి.

"మా మరదలిదేనండీ. పొద్దుటి నుంచీ ఇదే పని" అన్నాడు బావ.

"మూడు వందల నలభై బోర్డులూ మీరే చెయ్యండి. రేపు వచ్చి కాగితాలు తీసుకెళ్లండి."

డాక్టరు చేతికి అందిన ప్రతి చేతినీ కుదిపి, పిడి కోసం తడిమి, ఈసారి దొరకబుచ్చుకుని, తలుపు తీసి, హుందాగా బీరువాలోకి నడిచాడు.