షిఫ్టు బస్సులో వీణ క్యాసెట్టు

ఆ సోమవారం పొద్దున్నే భీమశంకరరావు ఒక నిర్ణయానికి వచ్చేశాడు. షిఫ్టు బస్సులో ఆ పాప్ పాటలు ఇవాళ్టితో ఆగిపోవాలి.

అమలాపురం నుంచి వచ్చి, పరవాడ దగ్గర ఫ్యాక్టరీలో స్టోర్సు సూపర్‌వైజరుగా చేరి ఆయనకి పదేళ్లయింది. ఇన్నేళ్లలో ఆయన్ని ఓడించింది ఒక్కటే: దువ్వాడలో ఐదున్నరకి బయల్దేరే బస్సులో డ్రైవరు సూరన్న పెట్టే క్యాసెట్టు. అందులో ఎవరో కుర్రాడు అదేపనిగా "హేయ్ హేయ్" అంటాడు. అంతకుమించి అతను చెప్పదలచుకున్నదేమీ ఉన్నట్టు కనబడదు. బస్సులో నలభైమందీ మాత్రం సీట్లమీద దరువు వేస్తూ ఊగిపోతారు.

"వాళ్ల సరదా వాళ్లది, మీకెందుకండీ?" అంది భార్య కాంతం, క్యారేజీ అందిస్తూ.

"పాటన్నాక ఒక ప్రయోజనం ఉండాలి కాంతం. ఆ గోలకేం ప్రయోజనం?" అని చెప్పులు తొడుక్కున్నాడు.

బస్సెక్కగానే సంచిలోంచి ఒక క్యాసెట్టు తీసి సూరన్న చేతికిచ్చాడు.

"ఏటి సార్ ఇది?" అన్నాడు సూరన్న.

"వీణ. ఇది విన్నవాడు మనిషవుతాడు."

"మరిప్పుడు నాను మనిసిని కానేటి సార్?"

"పెడతావా, ట్రాన్స్‌పోర్టు ఆఫీసరుతో చెప్పమంటావా?"

సూరన్న పెట్టాడు. బయట వాన. అద్దాలన్నీ మూసేశారు. వీణ మెల్లగా అందుకుంది. దువ్వాడ దాటకముందే ఫిట్టరు వీరన్న తల వాలింది. తరవాత ఆ వరసంతా వాలింది. భీమశంకరరావు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అందరికీ కళ్లు మూతపడి ఉన్నాయి. 'ఎంత తన్మయత్వం!' అనుకున్నాడు. తనూ కళ్లు మూసుకున్నాడు. చెంపలమీద నీళ్లు కారాయి.

సూరన్నకీ రెప్పలు బరువెక్కాయి. "టీ తాక్కపోతే బండిని గెడ్డ నీళ్లలో ఎట్టీసినట్టే," అని రోడ్డుపక్క పాక దగ్గర ఆపి, మొహం కడుక్కోవడానికి వెనక బోరింగు దగ్గరికి పోయాడు.

టీకొట్టు దేముడమ్మ ఎన్ని టీలో అడుగుదామని వచ్చి, అద్దంలోంచి తొంగిచూసింది. నలభైమంది నోళ్లు తెరుచుకుని పడి ఉన్నారు. ముందు సీట్లో లావుపాటాయనకి కళ్లమ్మట ధారలు. గ్యాసు లీకైతే ఏం చెయ్యాలో ఫ్యాక్టరీవాళ్లు పోయిన నెలే ఊళ్లో నేర్పి వెళ్లారు.

"ఓలమ్మో! గేసు కొట్టీసినాది! బస్సులో అందరూ పోనారు!"

పక్కనున్న టెలిఫోను బూత్‌లోంచి ఫ్యాక్టరీకి ఫోను వెళ్లింది. ఊరు ఊరంతా ముక్కులకి తడిగుడ్డలు కట్టుకుని, నేర్పినట్టే దూరంగా నిలబడి ఏడవసాగింది. సేఫ్టీ ఆఫీసరు గుణశేఖర్ అంబులెన్సుతో, ఫైరింజనుతో దిగాడు.

భీమశంకరరావు కళ్లు తెరిచేసరికి మొహమ్మీద రబ్బరు మాస్కు ఉంది.

"మాట్లాడకండి. కళ్లు మండుతున్నాయా?" అన్నాడు గుణశేఖర్.

"ఆనందబాష్పాలండీ ఇవి!" అన్నాడు భీమశంకరరావు. మాస్కులోంచి "మ్మ్ మ్మ్" అని మాత్రమే వినబడింది.

"ఈయనకి మతి తప్పింది. ముందు ఈయన్ని ఎత్తండి!"

ఆయన పట్టుదలగా సీటు పట్టుకున్నాడు. దాంతో ఇంకో ఇద్దరు వచ్చి విడిపించి, స్ట్రెచరుకి బెల్టులు బిగించారు. వెనక నలభైమందిలో ఒక్కడూ కదల్లేదు. నాలుగింటికే లేచొచ్చిన ప్రాణాలు.

బోరింగు గట్టుమీదే కునుకు పట్టేసిన సూరన్న అప్పటికి లేచి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏటైనాది?"

"గేసురా! అందరూ పోనారు!" అంది దేముడమ్మ.

సూరన్న లోపలికి తొంగిచూశాడు. వీణ క్యాసెట్టు పీకి, తనది తోశాడు. "హేయ్ హేయ్!"

నలభైమందీ ఒక్కసారి లేచి కూర్చున్నారు. వీరన్న క్యారేజీ పుచ్చుకుని, "మన గేటొచ్చీసిందేటి?" అంటూ దిగిపోయాడు. గుండెలు బాదుకుంటున్న దేముడమ్మ చెయ్యి ఆగలేదుగానీ, దరువులో పడింది.

గుణశేఖర్ రిపోర్టు రాశాడు. మూడోరోజు సర్క్యులరు వచ్చింది. ప్రమాద నివారణ కోసం ఇకమీదట అన్ని షిఫ్టు బస్సుల్లోనూ హుషారు పాటలే వెయ్యాలి. క్యాసెట్లు ఎంపిక చేసే బాధ్యత, ఫ్యాక్టరీలో సంగీతం తెలిసిన ఏకైక ఉద్యోగి భీమశంకరరావుది.

ఆయన దాన్నీ అంతే పట్టుదలగా తీసుకున్నాడు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికే గాజువాకలో క్యాసెట్ల షాపుకి వెళ్లి, మొదట్నుంచి చివరిదాకా వినందే ఏదీ తీసుకోనన్నాడు. మధ్యాహ్నానికి ఒక్క పాటనే ఐదుసార్లు వేయించాడు.

ఎందుకని షాపువాడు అడిగితే, మొదటి నాలుగుసార్లూ తప్పులు పట్టడానికన్నాడు.