పైబాణం నొక్కిన పూట

ఆ సోమవారం పొద్దున ఆర్లో నీమీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కౌంటీ కమిషనర్ బెవర్లీ స్ట్రాండ్ గ్యారేజీకి వస్తుంది. ఆర్లో రాసిన కొత్త ప్రోగ్రాంతో వెర్నా హకలా మంచు తోసే లారీలను కాసేపు నడిపి చూపిస్తుంది. కమిషనర్ బాగుందంటే ప్రోగ్రాం ఉంటుంది, దానితోపాటు ఆర్లో ఉద్యోగమూ ఉంటుంది. బాగాలేదంటే మినియాపొలిస్ కంపెనీ వాళ్ళ సరుకు కొంటారు, ఆర్లో వేరే పని చూసుకుంటాడు. ఆ ముక్క ఎవరూ అతని మొహం మీద చెప్పలేదు. ఆ కౌంటీలో చెడ్డ మాట మొహం మీద చెప్పడం మర్యాద కాదు.

వెర్నాకు అరవై ఒకటి. ఇరవై తొమ్మిదేళ్ళుగా గ్యారేజీలో ఒకే కుర్చీలో కూర్చునే పదకొండు లారీలనూ ఊరంతా తిప్పుతోంది. ఆమెకు మౌస్ గిట్టదు. అందుకని బొమ్మలేవీ లేకుండా, నల్లటి తెర మీద ఒట్టి అక్షరాలతో నడిచేలా రాశాడు ఆర్లో. బాణం మీటలతో రోడ్ల జాబితాలో పైకీ కిందికీ పోవచ్చు. S నొక్కితే ఆ రోడ్డుకు ఒక లారీ పోతుంది, A నొక్కితే అన్నీ పోతాయి, B నొక్కితే అన్నీ గ్యారేజీకి వచ్చేస్తాయి. డ్రైవరు ముందున్న చిన్న తెర మీద ఆ ఆజ్ఞ పడుతుంది. మొదట్లో A నొక్కగానే ప్రోగ్రాం "నిజంగానేనా?" అని అడిగేది.

"నేను నొక్కానంటే నిజంగానే నొక్కినట్టు," అంది వెర్నా. "మా ఆయన కూడా నన్ను రెండోసారి అడగడు."

ఆర్లో ఆ ప్రశ్న తీసేశాడు.

ఎనిమిదింటికి మంచు మొదలైంది. వెర్నా ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని, ఆర్లోకి రొట్టెముక్క చేతికిచ్చి, తెరవంక సరిగా చూడకుండానే మీటలు టకటకలాడించింది. లారీలు చెప్పినచోటికల్లా పోతున్నాయి. ఆర్లోకి ఊపిరి ఆడసాగింది. ఎనిమిదిన్నరకు మంచు చిక్కబడింది. స్ప్రూస్ వీధికి ఒక లారీని పంపి, జాబితాలో దాని పైనున్న రోడ్డుకు పోదామని వెర్నా పైబాణం నొక్కింది.

"ఇదేంటి నాయనా," అంది కప్పు దించకుండానే, "పదకొండూ స్ప్రూస్ వీధికే పోతున్నాయంటోంది."

స్ప్రూస్ వీధిలో ఉన్నవి ఏడిళ్ళు. చివర సరస్సు, అవతలికి దారి లేదు. ఆర్లో గొంతులో రొట్టె అడ్డం పడింది.

"మీరు A నొక్కారు."

"బాణం నొక్కాను."

"పొరపాటున వేలు పక్కకి..."

"నా వేలికి ఇరవై తొమ్మిదేళ్ళ అనుభవం. నీ ప్రోగ్రాంకి ఎన్నాళ్ళు?"

"వెర్నా గారూ, బాణం నొక్కితే అలా జరగదు. కావాలంటే చూడండి," అని ఆర్లో తనే వంగి కిందిబాణం నొక్కాడు.

రెండు క్షణాలు ఏమీ కాలేదు. ఆ తర్వాత పదకొండు లారీలనూ వెనక్కి రమ్మన్నట్టు తెర మీద పడింది.

ఆర్లోకి అప్పుడు అర్థమైంది. బాణం చూడ్డానికి ఒక్క మీటే గాని, లోపలికి మూడు అక్షరాలుగా పోతుంది. మూడూ ఒకదాని వెనక ఒకటి వెంటనే అందితే ప్రోగ్రాం దాన్ని బాణం అనుకుంటుంది. వాటి మధ్య ఆలస్యమైందో, మూడు వేరే మీటలు నొక్కారనుకుంటుంది. ప్రోగ్రాం ఉన్నది కౌంటీ కోర్టు భవనంలోని కంప్యూటర్లో, వెర్నా ఉన్నది కొండమీద గ్యారేజీలో. మధ్యలో ఉన్నది గాలిలో నడిచే లంకె, మంచు పడితే నత్తనడక. పైబాణంలో మూడో అక్షరం A. కిందిబాణంలో మూడోది B. ఆర్లో తన బల్ల దగ్గర వెయ్యిసార్లు నొక్కి చూశాడు. అక్కడ మంచు పడదు.

ఆపుదామని చూస్తే ఆపే మీటలు పనిచేయలేదు. వెర్నా పొరపాటున ఆపేస్తుందేమోనని వాటిని నోరుమూయించినవాడు ఆర్లోనే. చివరికి తన లాప్‌టాప్‌లోంచి ప్రోగ్రాం పీక నొక్కాడు. అది పోతూ పోతూ వెర్నా కీబోర్డును గుడ్డిదాన్ని చేసి పోయింది. ఏం కొట్టినా తెర మీద ఒక్క అక్షరమూ పడదు. దాన్ని దారికి తెచ్చే మాటలు ఆర్లో కనపడని అక్షరాలతోనే కొట్టాల్సి వచ్చింది. రెండుసార్లు తప్పు కొట్టాడు.

"రేడియో ఏమీ మోగడం లేదేంటి?" అన్నాడు. "ఇంత గందరగోళంలో ఒక్క డ్రైవరూ అడగడే?"

"అడిగితే నన్ను తప్పుపట్టినట్టుంటుందని," అని వెర్నా మైకు అందుకుంది. "గోర్డీ, ఎలా ఉంది అక్కడ?"

"పర్లేదు," అంది రేడియో. కాసేపాగి, "కొంచెం రద్దీ," అంది.

"ఎక్కడున్నావు?"

"స్ప్రూస్ వీధి కూడలిలో. వెనక్కి రమ్మన్నది ఆలస్యంగా అందింది, అప్పటికే అందరం ఇక్కడికి వచ్చేశాం. నాలుగువైపులా ఆగాం."

"ఆగడమెందుకు?"

"హ్యాంక్‌ని ముందు వెళ్ళమన్నాను. అతను నన్ను వెళ్ళమంటున్నాడు."

నాలుగు రోడ్ల కూడలిలో ముందొచ్చినవాడు ముందు పోవాలన్నది చట్టం. ముందు పోవడం సిగ్గుమాలిన పని అన్నది అక్కడి జనం ఆచారం. పదకొండు లారీల వాళ్ళు పది నిమిషాలుగా ఒకరికొకరు చెయ్యి ఊపుకుంటున్నారు. వాళ్ళ మధ్య ఒక నీలం కారు కూడా ఉందని, అందులో కమిషనర్ గారు కూర్చుని తనూ చెయ్యి ఊపుతున్నారని గోర్డీ నింపాదిగా చెప్పాడు.

ఆర్లో కుర్చీలో కూలబడ్డాడు. వెర్నా మాత్రం ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ఎవరెటు పోవాలో చెప్పి, కాగితం కూడా చూడకుండా ఆ ముడి విప్పింది. తర్వాత మైకు పెట్టేసి, "నన్ను అనుమానించావు," అంది మెల్లగా. ఆర్లోకి తల ఎత్తాలనిపించలేదు.

తొమ్మిదీ ఇరవైకి బెవర్లీ స్ట్రాండ్ బూట్లకున్న మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చింది.

"పదకొండు బళ్ళు ఒక్కచోటికి," అంది. "ఎవరు నొక్కారది?"

వెర్నా పింఛనుకు ఇంకో పదినెలలున్నాయి. ఆమె వేలు జారిందని ఒక్క మాట అంటే ప్రోగ్రాంకు మచ్చ ఉండదు. వెర్నా అతని వంక చూసి, "నేనే నొక్కాను," అంది.

"ఆమె నొక్కింది బాణం," అన్నాడు ఆర్లో. "తప్పు నాది మేడమ్. పైబాణం నొక్కితే బళ్ళన్నీ పోయేలా రాసి పెట్టాను. ఇందులో గొప్పేమీ లేదు. అసలు జరగకూడనిది."

కమిషనర్ చేతితొడుగులు తీసి బల్ల మీద పెట్టింది.

"పోయినేడు మంచు తుపానులో ఈ బళ్ళన్నీ ఒకచోట చేరడానికి రెండు గంటలు పట్టింది. ఇవాళ పావుగంట."

"మేడమ్, అది నిజంగా పొరపాటే."

"వింటున్నావా వెర్నా, ఇంకా తన గొప్ప ఒప్పుకోవడం లేదు. ఆ మినియాపొలిస్ అతను తన సరుకు గొప్పదని నా ఎదుటే నాలుగుసార్లు అన్నాడు."

"నాలుగుసార్లా," అంది వెర్నా బాధగా.

"నన్ను నమ్మండి, అది నా చేతకానితనం," అన్నాడు ఆర్లో.

"మంచి పెంపకం," అంది కమిషనర్, రొట్టెముక్క ఒకటి తీసుకుంటూ.

ఆ మధ్యాహ్నమే ఆర్లో మూడు అక్షరాలూ అందేదాకా ఓపిక పట్టమని ప్రోగ్రాంకు నేర్పి, బాణాలను బాగుచేశాడు. మర్నాడు కౌంటీ బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించింది: ఆర్లో నీమీ ఉద్యోగం ఖాయం, పైబాణం నొక్కగానే పదకొండు బళ్ళూ కదిలే ఏర్పాటును మాత్రం ఎవరూ ముట్టుకోరాదు. బాగుచేసినదాన్ని సరిగ్గా మునుపటిలా పాడుచేయడానికి ఆర్లోకి నాలుగు రోజులు పట్టింది.